విప్పిన ఇంజన్, నిండిన నెలలు

గద్వాలలో మా అత్తగారి వీధిలో ప్రతి పొద్దునా పడుగులు సాగదీసేవారు. నూలు పోగులను ఈ కొస నుంచి ఆ కొస దాకా పరిచి, కర్రల మీద ఎత్తి, కుంచెలతో గంజి రుద్దుకుంటూ పోయేవారు. నేతగాళ్ళ వీధి అన్నాక అది మామూలే. మామూలు కానిది ఒక్కటే. ఆ వీధిలో, సరిగ్గా మా గుమ్మం ముందు, ఇరుసుల కింద ఇటుకలు పెట్టించుకుని ఒక కారు నిలబడి ఉండేది. అది మా ఆయన కారు. కదలదు, కదిలిద్దామన్నా జరగదు. వీధివాళ్ళు కొన్నాళ్ళు మమ్మల్ని తిట్టారు. తిట్టి తిట్టి నోరు నొప్పి పుట్టి, చివరికి పడుగు కొసను దాని ముందు బంపర్‌కే కట్టుకోవడం మొదలుపెట్టారు. గుంజ పాతే పని తప్పిందని మెచ్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఆ మెప్పు వింటే నాకు ఒళ్ళు మండేది.

మా ఆయన పుట్టింది నేత ఇంట్లోనే అయినా మగ్గం గుంటలో కాలు నిలిచిన మనిషి కాదు. చిన్నప్పుడే స్టేషన్ దగ్గర లారీల వెంట తిరిగి డ్రైవింగ్ నేర్చుకున్నాడు. ఆ తర్వాత చుట్టుపక్కల భూములున్న ఒక దొర దగ్గర డ్రైవరుగా కుదిరాడు. ఆ దొరకు వేగమంటే పిచ్చి. ఎక్కడి నుంచో ఆరు సిలిండర్ల పందెం కారు తెప్పించాడు. పొడుగాటి ముక్కు, ముక్కు మూతకు తోలు పట్టీ, వెనక జానెడు సీటు. ఊరి చివర గడియారం చేతిలో పట్టుకుని కూర్చుని, కృష్ణ ఒడ్డు దాకా "కొట్టు, ఇంకా కొట్టు" అని మా ఆయనతో తోలించేవాడట. కొన్నేళ్ళకు దొరకు నడుం పట్టేసింది. ఒక దసరా నాడు పదిమంది ముందు ఆ కారును మా ఆయనకు ఇనాంగా ఇచ్చేశాడు. ఇచ్చేనాటికే ఇంజన్ ప్రాణం సగం పోయి ఉంది. పెట్రోలు కంటే నూనె ఎక్కువ తాగేది. నీలం పొగ ఎంత వదిలేదంటే, మా కారు వస్తోందని తెలిస్తే వీధిలో ఆరేసిన పట్టు లోపలికి పరుగెత్తేది. అయినా పల్లంలో పడితే దాన్ని పట్టేవాడు లేడు.

పెళ్ళయిన మరుసటి ఏడు నేను నెల తప్పాను. మా పుట్టిల్లు వనపర్తి. అక్కడ మా వాడకట్టులో ఎవరికి నొప్పులు వచ్చినా మా అమ్మ చెయ్యి పడాల్సిందే. తొలి కానుపు పుట్టింట్లోనే కదా. ఐదో నెల రాగానే కార్లో తీసుకుపోతానని మా ఆయన బయలుదేరదీశాడు. అప్పుడు కృష్ణ మీద రోడ్డు వంతెన లేదు. బీచుపల్లి రేవులో పడవ దాటితే అవతల మళ్ళీ దారి. ఊరు దాటామో లేదో ఆయన కాలు అలవాటు చొప్పున కిందికి దిగింది. గుంతలు, రాళ్ళు, ఎడ్లబండ్లు కోసిన గాడులు. "మెల్లగ, మెల్లగ" అని నేను అరుస్తూనే ఉన్నాను. ఆ ఇంజన్ హోరులో ఆయనకు వినబడలేదు. ఒకసారి నా వైపు తిరిగి, వేగం ముల్లు ఎంతదాకా పోయిందో చూడమని వేలుతో చూపించి నవ్వాడు కూడా. రేవు చేరేసరికి నాకు కడుపులో మెలిపెట్టింది. ఏరు దాటలేదు. ఆ ఒడ్డునే, పడవవాళ్ళ పాకలో, అంతా పోయింది.

వెనక్కి ఎడ్లబండిలో వచ్చాం. కారు తర్వాత ఇల్లు చేరి, ఇటుకల మీదికి ఎక్కింది. మా అత్త ఏటిగాలి సోకిందంది. పక్కింటివాళ్ళు దిష్టి అన్నారు. హోరులో నా అరుపు వినబడలేదని మా ఆయన అందరితో ఒకసారి అన్నాడు, అంతే. ఆ తర్వాత కారు అని గాని, తోలిన తీరు అని గాని ఇంట్లో ఎవరి నోటా రాలేదు. నాకూ ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయేది. ఆయన మొహం చూస్తే అనాలనిపించేది కాదు.

రెండోసారి నిలిచింది యుద్ధం రోజుల్లో. ఈసారి నాది ఒకటే పట్టు. మా అమ్మ చేతిలోనే కనాలి. ఇంకెవరి చెయ్యీ నాకు వద్దు. మా అత్త కాదనలేదు. కానీ ఆమె లెక్క ఆమెకుంది. "ఐదుల పోవాలె, లేకుంటే ఏడుల, లేకుంటే తొమ్మిదిల. సరి నెలల గడప దాటనియ్య" అంది. సరే. ఎట్లా పోవాలి? ఎడ్లబండి అంటే అందరూ ఒక్క గొంతుతో వద్దన్నారు. ఒకసారి అయినదానికి మళ్ళీ ఆ కుదుపులా అని. రైలు ఉంది. కానీ యుద్ధం రోజుల రైలంటే కిటికీల్లోంచి మనుషులు దూరే రైలు. పైగా స్టేషన్లో దిగాక ఊరికి మళ్ళీ టాంగానే గతి. అప్పుడు మా ఆయన గొంతు సవరించుకుని, "కారు బాగు చేస్త. కార్లనే తీస్కపోత" అన్నాడు. మెల్లగా తోలతానని నా మొహం చూడకుండా అన్నాడు. నేను నమ్మాను. అక్కడ మొదలైంది నా కర్మ.

మొదటి పని, ఇంజన్ విప్పాడు. విప్పడం ఎంత తేలికో నాకు అప్పుడే తెలిసింది. రెండు పొద్దులు తిరిగేసరికి మా వసారా నిండా ఇనుము. నేను కండెలు చుట్టే చోట నూనె మడుగులు. మగ్గం పక్కన పిస్టన్లు వరుసగా, చంటిపిల్లల లోటాల మాదిరిగా బోర్లించి పెట్టాడు. పెళ్ళికి మా అమ్మ పెట్టిన ఇత్తడి తాంబాళంలో కిరసనాయిలు పోసి వాటిని కడిగాడు. 

"దీపానికి చుక్క దొరకని కిరసనాయిలు దీనికి యాడికెళ్ళి వచ్చింది?" అని అడిగాను.

"జర ఆగు, కడిగి మళ్ల సీసాల పోస్త" అన్నాడు. పోశాడు కూడా. ఆ నెలంతా మా దీపం ఇంజన్ మసితో వెలిగింది.

స్టేషన్ దగ్గర షెడ్డు ఉన్న మిస్త్రీని పిలిపించాడు. ఆయన గొంతు వీధి మలుపులో ఉండగానే మా ఇంట్లో వినబడేది. వచ్చి, సిలిండర్లలో వేలు పెట్టి తిప్పి, పాన్ ఉమ్మి, తీర్పు చెప్పేశాడు.

"అరె భాయ్, కతం. గుండ్రంగ ఉండాల్సినవి గుడ్డు లెక్క అయినయి. దీన్ని మళ్ల కోయించాలంటే హైదరాబాద్ పోవాలె. లావు పిస్టన్లు బొంబాయి నుంచి రావాలె. గీ లడాయిల ఎవడు పంపుతడు? తీసి పారెయ్. ఇంకో ఇంజన్ ఏస్కో."

"ఇంకోటి యాడున్నది ఉస్తాద్?" అన్నాడు మా ఆయన.

"వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్ పోయే బస్సు, బొగ్గు గ్యాసుతోని నడిచేది, వాగుల బోర్ల పడ్డది. బస్సు సచ్చింది గని ఇంజన్ మంచిగున్నది. తెప్పియ్, కూసోబెడ్త."

మగ్గం గుంటలోంచి మా మామ తల పైకెత్తాడు. మా మామ మంచి నేతగాడు. కూలి కంటే పేరు ముఖ్యం అనుకునే మనిషి. "దొర పదిమందిల ఇచ్చిన బండికి బస్సు ఇంజనా? రేపు దొర ఎదురైతే ఏం మొఖం పెట్టుకుంటం? ఇనాం ఇచ్చిన గుర్రం గుండెకాయ పీకేసి పెయ్యి ఉంచుకుంటరా ఎవరన్న?" అన్నాడు.

మా ఆయన మిస్త్రీ వైపు తిరిగి "నిజమే ఉస్తాద్" అన్నాడు. మామ వైపు తిరిగి "నిజమే నాయినా" అన్నాడు. ఆ రోజు మొదలు రోజూ ఇదే పాట. పొద్దున మార్పిద్దామంటాడు, మాపటికి బాగు చేయిద్దామంటాడు. మిస్త్రీ వచ్చినప్పుడల్లా నాకు చాయ్ పెట్టే పని. బెల్లం చాయ్ తాగుతూ ఇద్దరూ కొట్టుకునేవాళ్ళు, మూడోవాడు తల ఊపేవాడు. ఐదో నెల అట్లా తల ఊపడంలోనే వెళ్ళిపోయింది. ఆరో నెలలో ఎటూ గడప దాటనివ్వరు కాబట్టి తొందరేముందన్నట్టు తాపీగా కూర్చున్నారు.

చివరికి మా మామ ఒక ఉపాయం కనిపెట్టాడు. అది మా కులంవాళ్ళకు తప్ప ఇంకెవరికీ తట్టదు. చీరలు నేయడం అయిపోయాక మా దగ్గర పాత పడుగును మొత్తం తీసెయ్యరు. మగ్గం మీద మిగిలిన కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతారు. పాతది కొత్తదాన్ని లాక్కుంటూ పోతుంది. నూలు ఒంటికి పట్టు అంచు అతికి నేసే చేతులు మావి. అందుకని మామ ఆరు సిలిండర్లనూ దగ్గర కూర్చుని చూశాడు. మూడు బాగా అరిగాయి, మూడు ఒక మాదిరిగా ఉన్నాయి. "మంచియి మూడు ఉండనియ్యిండ్రి. చెడ్డయి మూడు మార్చుండ్రి. పాత వాటికి కొత్తయి అతుక్కుంటయి" అన్నాడు.

"ఇది సీరె కాదు సేటూ!" అని మిస్త్రీ నెత్తి కొట్టుకున్నాడు. కొట్టుకుని కూడా, ఏ లారీవో మూడు పిస్టన్లు తెచ్చి, సానబట్టి, లోపల దూర్చాడు. పాతవాటి కంటే అవి చేతికి బరువుగా తగిలాయని నాకే తెలిసింది. నేను అన్నాను కూడా. "నీకేం ఎర్కనే" అన్నాడు మా ఆయన. నాకేమీ ఎరుక లేదు సరే.

బిగించిన పొద్దున ఎవరికీ ఆగలేదు. అప్పుడే బంపర్‌కు ఎవరిదో పడుగు కట్టి ఉంది. అవతలి కొసన మనుషులు గంజి పెడుతున్నారు. ఆ సంగతి ఒక్కరూ చూడలేదు. మిస్త్రీ ముందర హ్యాండిల్ తిప్పాడు. ఇంజన్ దగ్గింది, ఉమ్మింది, అంటుకుంది. అంటుకోగానే కారుకు చలిజ్వరం పట్టుకున్నట్టయింది. సగం బరువు, సగం తేలిక. ఒక పక్క లాగితే ఇంకో పక్క తంతోంది. ఒక లైటు ఊడి కింద పడింది. బంపర్ ఊగిన ఊపుకు పడుగంతా అలలు తిరిగి, గంజి చుక్కలు మనుషుల మొహాల మీద పడ్డాయి. పోగులు పటపటా తెగాయి. వీధి వీధంతా "ఆపుండ్రి, ఆపుండ్రి" అని కేకలు. మా అత్త చెప్పు తీసుకుని కారునే కొట్టింది. మా మామ మాత్రం తెగిన పోగులు చూసి, లోపలికి పోయి మగ్గంలో కూర్చుని, రోజంతా తల ఎత్తలేదు. ఆ పోగులన్నీ అతికిచ్చింది చివరికి నేనే. కడుపు పెట్టుకుని వీధిలో పీట వేసుకుని, ఒక్కో పోగుకు ఒక్కో తిట్టు తిడుతూ అతికాను.

ఏడో నెల కూడా అట్లాగే పోయింది. అప్పుడు నేను నోరు తెరిచాను.

"మామా, దొర వచ్చినప్పుడు దొరకు నేను చెప్పుకుంట. నాకు మాత్రం దొర ఇజ్జత్ కన్న నా కడుపు ఎక్కువ. ఆ బస్సు ఇంజన్ తెప్పియ్యిండ్రి" అన్నాను. మామ ముందు అంత గొంతు ఎత్తడం అదే మొదలు. ఆయన మగ్గం ఆపాడు. "తెప్పియ్ రా" అన్నాడు కొడుకుతో.

రైల్లో సరుకు వేయాలంటే యుద్ధం సరుకుకే చోటు లేదు. బస్సు ఇంజన్ బండి మీద రేవు దాకా వచ్చి, అక్కడ పుట్టిలో కృష్ణ దాటింది. తోలు పుట్టి అది, గుండ్రంగా గంపలాగా ఉంటుంది. నడి ఏట్లో అది ఇంజన్‌తో సహా గిరగిరా తిరిగిందట. పుట్టి తోలినవాడు మా ఇంటిదాకా వచ్చి మరీ కేకలేశాడు. "ఇది ఇంజనా, ఇనుప ఏనుగా? ముందే చెప్తే నేను రాకపోదును" అన్నాడు. దాన్ని నలుగురు మోసుకొచ్చి వసారాలో దించారు. మా అత్త దానికి కుంకుమ పెట్టి నిమ్మకాయ కోసింది. నేను దానికి దండం పెట్టాను. నిజంగానే పెట్టాను.

దండం పెట్టినంత తొందరగా పని జరిగితే ఇంకేం. అది పొట్టిది, లావుది. కారు ముక్కు సన్నం. మా ఆయన మామ నేత కొలతల కర్ర తీసుకుని కొలిచాడు. పొద్దున కొలిచాడు, మధ్యాహ్నం కొలిచాడు. బిగించే చెవులు కలవవంటాడు, ముక్కు మూత పడదంటాడు. "మూత పడకపోతే ఏమాయె? నేను మూత మీద కూసుంటనా?" అని అడిగాను. మళ్ళీ కర్ర తీసుకున్నాడు. ఈ లోపల మిస్త్రీకి పౌరుషం వచ్చింది. ఎక్కడెక్కడో తిరిగి, పాత వాటికి సరిపోయే మూడు పిస్టన్లు తెచ్చి, దొర ఇంజన్నే మళ్ళీ కూర్చోబెట్టాడు. ఈసారి అది ఊగలేదు. పొగ వస్తే వచ్చింది గానీ నడిచింది. నేను నా చెవులతో విన్నాను. మర్నాడు చూస్తే మళ్ళీ విప్పి ఉంది.

"ఏమైంది?"

"లోపల చప్పుడు వస్తున్నది" అన్నాడు మా ఆయన.

ఇంటి ముందు ఒక ఇంజన్, ఇంట్లో ఒక ఇంజన్. రెండింటిలో ఒక్కటీ కారుకు లేదు. నడవాలంటే నేను పొట్ట పట్టుకుని ఇనుము దాటుకుంటూ నడవాలి. అన్నం తింటుంటే కంచంలో నట్టు వచ్చింది ఒకసారి. ఒట్టు, పప్పులో నట్టు. నేను దాన్ని మా ఆయన కంచంలో వేశాను. ఆయన నవ్వలేదు, కోపం తెచ్చుకోలేదు. కడిగి జేబులో వేసుకున్నాడు. అట్లాంటి మనిషితో పోట్లాడటం ఎట్లాగో చెప్పండి. ఒకటి అంటే ఒకటి అనాలి కదా. ఎనిమిదో నెలంతా నేను గోడకు చెప్పుకున్నాను.

తొమ్మిది పడగానే ఒక పొద్దున మిస్త్రీ వచ్చి, ఇంజన్ మళ్ళీ బిగించి, చాయ్ వద్దని, చెప్పులు విప్పకుండానే నిలబడ్డాడు. మా ఆయన బజారుకు పోయి ఉన్నాడు.

"బేటీ, నేనిగ రాను. నీ మొగనికి పిచ్చి లేసింది. నేను బిగిచ్చి పోత, వాడు ఇప్పుతడు. మూడుసార్లు గట్లనే చేసిండు. ఇంజన్ల చప్పుడు లేదు, ఏం లేదు. బండి తయారున్నది. నా చెయ్యి బద్నాం చేస్తుండు" అన్నాడు.

ఆయన పోయాక నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత కోపం వచ్చింది. అంటే నన్ను మా అమ్మ దగ్గరికి పోనివ్వకూడదని చూస్తున్నాడా? మధ్యాహ్నం అందరూ నడుం వాల్చిన వేళ వీధిలో ఇనుము మీద ఇనుము తగిలిన చప్పుడు వినిపించింది. బయటికి వచ్చాను. పొద్దున మిస్త్రీ బిగించిపోయిన నట్లను మా ఆయన ఒక్కొక్కటే విప్పుతున్నాడు. తాపీగా, భద్రంగా, గుడ్డ మీద పెట్టుకుంటూ.

"ఇగో, ఏం చేస్తున్నవు?" అన్నాను.

పట్టుబడ్డ మనిషిలాగా చూశాడు. నట్లు విప్పే పానా చెయ్యి జారి కింద పడింది.

"ఏం చేస్తున్నవని అడుగుతున్న. నేను మా అమ్మ దగ్గర కనొద్దా? ఐదుల పోనియ్యకపోతివి, ఏడుల పోనియ్యకపోతివి. ఈ నెల దాటితే ఇంక నేనేడికి పోతా? చెప్పు! ఇయ్యాల చెప్పకపోతే నేను నడుచుకుంట పోత."

అప్పుడు చెప్పాడు. కారుకు ఆనుకుని నేల మీద కూర్చుని, తల దించుకుని చెప్పాడు.

"బండి బాగైతే నేను తోలాలె. తోల్తె ఉరికిస్త. మెల్లగ తోల్త అనుకుంట గని, నా కాలు మీద నాకు నమ్మకం లేదు. అప్పుడు నువ్వు మెల్లగ అన్నవు. నేను ఇన్న. ఇనబడలేదని అందరితో అన్న గని, ఇన్న. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకున్న." 

వినబడలేదనే ఇన్నాళ్ళూ నేను కూడా అనుకున్నాను. అరుగు మీద కూర్చున్నాను. తిట్టడానికి ఎన్ని నెలల నుంచో కూడబెట్టుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే మళ్ళీ కోపం వచ్చింది.

"మరి కారుల తీస్కపోత అని ఎందుకన్నవు?"

"అన్న. అన్నంక భయమైంది. ఇంజన్ ఇప్పి పెడితే అడుగరు గద అనుకున్న."

"బస్సు ఇంజన్ పెట్టుకుంటే ఉరకదు గద?"

"పల్లంల అదీ ఉరుకుతది" అన్నాడు. అది కూడా ఆలోచించి పెట్టుకున్నాడు. అన్నిసార్లు కర్రతో కొలిచింది ఆ భయంతోనే.

"అయితే ఇంజన్ తీసి పారేసి ఎడ్లను కట్టు పో!" అని అరిచాను. కోపంలో అన్నాను. కోపంలో ఏదో ఒకటి అంటాం కదా, అట్లా అన్నాను. ఆయన తలెత్తి నన్ను చూశాడు. తర్వాత కారును చూశాడు. అరుపుకు లేచి వచ్చిన మా మామ కూడా గుమ్మంలో నిలబడి కారునే చూస్తున్నాడు. "స్ప్రింగులు మంచిగున్నయి. రబ్బరు చక్రాలు. కుదుపు రాదు" అన్నాడు మామ, చీర అంచు గురించి మాట్లాడినట్టు.

దొర ఇంజన్ బాగు చేయాలా, బస్సు ఇంజన్ పెట్టాలా అన్న పంచాయితీ అట్లా తెగింది. ఏదీ పెట్టలేదు. ఆ సాయంత్రమే దొర ఇంజన్‌ను మొత్తంగా పైకెత్తి తీసి, బస్సు ఇంజన్ పక్కన పెట్టారు. మాకు పత్తి తెచ్చే రైతు దగ్గర ఎడ్లను అడిగి తెచ్చారు. ముందు ఇరుసుకు కాడి కట్టారు. మిస్త్రీ ఈ సంగతి విని పరుగెత్తుకొచ్చి, "పందెం బండికి ఎడ్లా? తౌబా, తౌబా" అని చెంపలు వాయించుకున్నాడు. వాయించుకుంటూనే బ్రేకులు సరిచేసి పోయాడు.

స్టీరింగ్ పట్టుకోవాలి కదా, మామ కూర్చున్నాడు. జన్మలో కారు ఎక్కని మనిషి, తలపాగా చుట్టుకుని, దొరకంటే నిటారుగా కూర్చున్నాడు. హారన్ ఒకటి దొరికింది ఆయనకు. మేక కనబడినా, చెట్టు కనబడినా హారనే. ఎడ్లు బెదురుతాయి, ఆపు మామా అంటే ఆపడు. మా ఆయన బండి ఎక్కలేదు. ఎడ్ల ముందు, వాటి పగ్గం పట్టుకుని నడిచాడు. రాయి కనబడితే వంగి తీసి పక్కన వేశాడు. చక్రం ఎక్కడ కాస్త దిగినా వెనక్కి తిరిగి "తగిలిందా?" అనేవాడు. "లేదు, నడువు" అనేదాన్ని. నాలుగడుగులకు మళ్ళీ "తగిలిందా?" నాకు విసుగొచ్చి, "తగిలితే నేనే చెప్త గద, ఎన్నిసార్లు అడుగుతవు!" అని కేకలేశాను. అయినా అడగడం మానలేదు.

రేవులో రెండు పడవలు కలిపి, పైన పలకలు పరిచి కారును ఎక్కించారు. ఇంజన్ లేని కారు కాబట్టి తేలిగ్గా ఎక్కింది. పడవవాళ్ళ పాక అక్కడే ఉంది. నేను అటు చూడలేదు. మా ఆయన చూశాడు. పడవలో ఎక్కి, ఏరు దాటేదాకా నా పక్కన నిలబడి కారు తలుపు పట్టుకునే ఉన్నాడు. ఈసారి ఏరు దాటాం. అవతల ఒడ్డున మా అన్న ఎడ్లను పట్టుకుని ఎదురొచ్చాడు. దారిలో ఒక ఊళ్ళో పడుకుని, మర్నాడు వనపర్తి బజార్లో అడుగుపెట్టేసరికి జనం పనులు మానుకుని నవ్వారు. ఎడ్లు లాగుతున్న పందెం కారు, లోపల హారన్ కొడుతున్న ముసలాయన, వెనక సీట్లో రాణిగారిలా నేను. నవ్వరా మరి. నాకు సిగ్గుతో తల దించుకోవాలనిపించలేదు. మా అమ్మ ఇల్లు కనబడుతోంది. అది చాలు.

ఆ ఇంజన్ల సంగతి తర్వాత ఎట్లాగూ తేలింది. బస్సు ఇంజనే పెట్టాడు. ముక్కు మూత ఎన్నడూ పడలేదు, తాడుతో కట్టుకుని తిరిగాడు. దొర దాన్ని చూసి ఏమన్నాడో మా మామ ఎంత అడిగినా మా ఆయన చెప్పలేదు.

మా అమ్మ చేతిలోనే కన్నాను. ఆడపిల్ల. నేను లోపల నొప్పులు పడుతున్నంతసేపూ మా ఆయన బయట ఇంజన్ లేని కారులో కూర్చున్నాడట. బ్రేకు మీద కాలు పెట్టి తొక్కి పట్టుకున్నాడని మా అన్న తర్వాత చెప్పి నవ్వాడు. పిల్లకు నీళ్ళు పోసి, గుడ్డలో చుట్టి, మా అమ్మ గుమ్మం దగ్గరికి తీసుకుపోయింది.

"పట్టుకో అల్లుడా. మెల్లగ" అంది.

"నాకు మెల్లగ తెల్వదత్తా" అన్నాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఎంత కడిగినా ఆ గోళ్ళ కింద నూనె మసి పోలేదు. మా అమ్మ వినిపించుకోలేదు, పిల్లను ఆయన చేతుల్లో పెట్టేసింది. పెట్టి, నా దగ్గరికి తెమ్మంది.

వసారా నుంచి నా మంచం దాకా ఎంత దూరముంటుంది? గట్టిగా నాలుగు బారలు. ఆయన ఒక అడుగు వేసి ఆగుతాడు. పిల్ల మొహం చూస్తాడు. కింద నేల చూసుకుంటాడు. ఇంకో అడుగు వేస్తాడు. ఎడ్లు కూడా అంత నిదానంగా నడవలేదు. పిల్ల ఆకలితో గుక్కపెట్టి ఏడుస్తోంది. నాకు పాలు చేపి రవిక తడుస్తోంది. ఆయన ఇంకా గడప దగ్గరే ఉన్నాడు, ఏ కాలు ముందు పెట్టాలా అని చూసుకుంటూ.

ఆ మాట నా నోటి నుంచి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. తల ఎత్తి, ఉన్న ఓపికంతా తెచ్చుకుని అరిచాను.

"జల్ది రా!"